నీళ్లిచ్చిన దాలమ్మ

మా ఊరోళ్లు దాలమ్మని "మంత్రసానిది" అంటే నాకు ఒళ్లు మండిపోతాది. కాదేటి? మంత్రసానే. ఆ మాట అనీ తీరు ఉన్నాది సూడండి, మూతి ఓ పక్కకి తిప్పి, పురుగుని సూసినట్టు సూసి అనీవోరు. ఇంట్లో నొప్పులు మొదలయితే మాత్రం పంచె ఎగ్గట్టి పరిగెట్టుకుని ఎళ్లి పిలుసుకొచ్చీవోరు.

రామతీర్థం కొండకి ఇవతల మా పల్లి. సుట్టుపక్కల నాలుగూర్లలో ఆవిడి సేతుల్లో పడని గుంటలు లేరు. నానూ పడ్డాను. పొట్టి మడిసి. అడ్డపొగ తాగీది, సుట్ట నిప్పు నోట్లో ఎట్టుకునే మాటాడీది, తిట్టీది కూడా. మొగుడు ఓడెక్కి బర్మాలో రంగం ఎళ్లిపోయి మరి రాలేదు. కడుపున ఒక్కరూ లేరు. మా మునసబుని పట్టుకుని నలుగురిలో "ఒరే" అనీది. "బొడ్డు కోసినదాన్ని, నాకు నువ్వు మునసబేట్రా?" అనీది. ఆయన నవ్వీసి ఊరుకునీవోడు.

అరవై ఎనిమిదిలో, వైశాఖమాసంలో, నాను తొలి కానుపుకి పుట్టింటికొచ్చినాను. మా ఆయన నెల్లిమర్ల జూట్‌మిల్లులో పనిలో ఉండిపోయినారు. మొగపిల్లడు పుట్టినాడు. ఇల్లంతా సంబరం. నాకు మాత్రం దాహం.

ఇప్పటోళ్లకి సెప్తే నమ్మరు. మా కాడ బాలింతకి తొమ్మిది దినాలు గుక్కెడు నీళ్లిచ్చీవోరు కాదు. కాసిన నీళ్లు కూడా కాదు. నీళ్లు తాగితే నంజు పడతాది, ఒళ్లుబ్బి సచ్చిపోతాది అనీవోరు. శొంఠీ పిప్పళ్లూ పాతబెల్లం దంచిన కాయం ముద్ద పొద్దుటొకటి, మాపటేల ఒకటి మింగించీవోరు. మింగితే గొంతు భగ్గుమనీది. మజ్జేన్నం అన్నంలో ఎల్లుల్లి కారం. మంచం కింద కుంపటి, కిటికీకి గోనెగుడ్డ. బయట సూస్తే ఎండకి కాకులు కూడా అరవట్లేదు.

మూడో దినానికి జొరం తగిలింది. నాలుక అంగిట్లో అతుక్కుపోయింది. పాలు పడలేదు. గుంటడు లాగి లాగి, ఏటీ రాక, ఏడిసి ఏడిసి గొంతు పోయి మూలుగుతున్నాడు. "అమ్మా, ఒక్క గుక్క" అని నానంటే, మా అమ్మ గుమ్మం బయటినుంచే "ఓర్సుకో తల్లీ" అనీది. లోపలికొచ్చీది కాదు. వచ్చే మంగళారం అమ్మోరి పండగ. తొలి ఘటం మా ఇంటిది, అమ్మే ఎత్తాల. బాలింతని ముట్టుకుంటే అంటు, అంటు తగిలితే ఘటం ముట్టకూడదు. దాలమ్మకొక్కదానికే ఆ గదిలోకి రాకపోకలు.

మా అమ్మేటీ రాచ్చసి కాదు. అంతకి ఆరేళ్ల ముందు నాకన్నా పెద్దది, మా అప్ప, ఆ గదిలోనే, పురుడొచ్చిన అయిదో దినాన, జొరంతో పోయింది. దొంగతనంగా నీళ్లు తాగుంటాది, అందుకే పోయిందని మా మేనత్త నారాయణమ్మ తేల్సీసింది. అమ్మ నమ్మీసింది. అందుకే నా కాడ ఇంకా బిగించీసింది.

ఆ దినం దాలమ్మ వచ్చి నా మెడ మీద సెయ్యేసి సూసింది. గుంటడి నోట్లో ఏలెట్టి సూసింది. కుంపటి ఎత్తుకెళ్లి వాకిట్లో కుమ్మరించీసింది. గోనెగుడ్డ పీకీసింది. వంటింటి ముందుకెళ్లి, "ఓ కుండెడు నీళ్లు కాసి ఇయ్యండి" అన్నాది.

"తానానికా?" అంది మేనత్త.

"తాగడానికి."

ఇంక సూస్కోండి!

"ఒసే, నీకు మతి పోయిందేటే? పిల్లని సంపీడానికొచ్చినావేటి?" అని మేనత్త ఎగిరింది.

"మొన్న మీ గేది ఈనిందా లేదా? ఈనిన ఘడియకే గోలెం నిండా కుడితి ఎట్టినారు. దానికి నంజు పడిందేటి? బిందెడు పాలిస్తన్నాది. గేది తాగొచ్చు గానీ, మీ పిల్ల తాక్కూడదా? పాలు ఆకాశంలోంచి ఊడిపడతాయేటి?"

ఎవరూ కాసివ్వలేదు. నా తానానికి కాగుతున్న నీళ్లలోంచే సెంబుడు ముంచుకుని గదిలోకొచ్చీసింది. అమ్మ లాక్కోడానికి గుమ్మందాకా వచ్చింది. దాలమ్మ అడ్డంగా నిలబడి సెయ్యి సాపింది.

"రండమ్మా. గుమ్మం దాటండి. నన్ను ముట్టుకోండి. మంగళారం ఘటం ఎవరెత్తుతారో సూద్దాం."

అమ్మ ఆగిపోయింది. మేనత్తయితే రెండడుగులు ఎనక్కే ఏసింది. దాలమ్మ వాళ్లు సూస్తుండగానే నీళ్లు సల్లార్సి, నా తల ఎత్తి తాగించింది. అబ్బ, ఆ సుఖం నా నోటితో సెప్పలేను. ఏడుపొచ్చీసింది.

"ఇది సస్తే నన్ను కూడా దీంతోపాటు కట్టెల మీదెట్టీయండి" అని దాలమ్మ ఆ గదిలోనే సాప పరుసుకుంది. రెండు దినాలు కదల్లేదు. ఉప్పేసిన గంజి, కాసిన నీళ్లు, మళ్లా గంజి. నాలుగో దినం సెమట పట్టి జొరం దిగింది. అయిదో దినం పాలు పడ్డాయి. గుంటడు గుటకలేసి తాగి, రొమ్ము నోట్లో ఉండగానే నిద్రపోయినాడు.

ఈది ఆడోళ్లంతా గుమ్మం కాడికొచ్చి నా కాళ్లు ఉబ్బినాయేమోనని తొంగి సూసినారు. దాలమ్మ నా కోక అంచు ఎత్తి సూపించింది. "నొక్కి సూడండే. ఓ, మీరు ముట్టుకోకూడదు కదా!" అని పకపకా నవ్వింది.

అమ్మ నవ్వలేదు. నిద్రపోతున్న గుంటడినే సూస్తన్నాది.

"దాలమ్మా, మా పెద్దదానికీ నువ్వే కదా పురుడు పోసినావు. అది నీళ్లు తాగిందా?"

దాలమ్మ నోట్లోంచి సుట్ట తీసీసింది. "లేదమ్మా. అడిగింది. అయిదు దినాలూ అడిగింది. మీరొద్దన్నారు. నానూ ఇవ్వలేదు."

"ఇచ్చుంటే?"

"దాని తలరాత అలగుంటే..." అని మేనత్త ఏదో అనబోయింది. "నువ్వు నోరు ముయ్యి" అని దాలమ్మ కసిరీసింది. మా అమ్మ కళ్లలోకి సూసి, "బతికీదమ్మా" అన్నాది.

ఒక్క అబద్ధం ఆడితే ఏటి పోయింది దీనికి, అని నాకు దాలమ్మ మీద కోపమొచ్చింది. ఆడలేదు. ఆవిడి కళ్లమ్మటా నీళ్లు కారిపోతన్నాయి, తుడుసుకోలేదు.

అమ్మ గుమ్మం దాటింది. "వదినా! ఘటం!" అని మేనత్త కేకేసింది. అమ్మ ఎనక్కి తిరగలేదు. దాలమ్మ సేతిలో సెంబు లాక్కుని, నా పక్కన కూలబడి, నా నోటికి ఆనించింది. సెంబు వంపీ తొందరలో సగం నీళ్లు నా గుండెల మీదే పడ్డాయి.

"తాగు" అన్నాది. "తాగు తల్లీ. ఇంకా తాగు."

నాకప్పుడు దాహం లేదు. సెంబుడూ తాగీసినాను.