దారానికి అటు చివర

కాన్వెంటు తలుపు తీయగానే అప్పుడే ఆర్పిన కొవ్వొత్తుల వాసన, జర్మనీలో ష్వైన్‌ఫర్ట్ దగ్గరి ఈ పల్లె నుంచి నన్ను మా మిషన్ బడి వరండాలోకి తీసుకుపోయింది.

అక్కడ గోడమీద ప్రపంచపటం ఉండేది. జర్మనీలో ముగ్గురు సిస్టర్లు ఒక్క గదిలో మొదలుపెట్టిన సన్యాసినుల సభ ఎన్ని దేశాలకు పాకిందో ఎర్ర దారాలు చూపేవి. ఒకటి మా ఊరిదాకా వచ్చేది. జర్మనీలో ఎవరో దాన్ని లాగితేనే మా బడిగంట మోగుతుందనుకునేదాన్ని. లెక్కల పరీక్ష ఉండదని ఒక పొద్దున ఆ దారం తెంపేశాను. అయినా గంట మోగింది. ఎలాగో చాలా రోజులు అంతుపట్టలేదు.

ఆ గది ఈ కాన్వెంటులోనే ఉంది. ఇప్పుడిక్కడ జర్మన్ సిస్టర్లు ఇద్దరే, ఇద్దరూ ముసలివాళ్లు; మిగతావాళ్లు వేరే దేశాల నుంచి వచ్చినవాళ్లు. ప్రార్థన గంట తాడు లాగుతున్న పడుచు సిస్టరు, నేను అమ్మతో ఫోన్లో మాట్లాడటం విని, తాడు వదలకుండానే తెలుగులో అడిగారు:

"ఏ ఊరమ్మా మనది?"