ఎడమ పక్క నీలిబూడిద

మా పెయింటర్ చాచా పోయారని శుక్రవారం పొద్దున పటాన్‌చెరు నుంచి ఆయన కోడలు ఫోన్ చేసింది. నేను ఫ్యాక్టరీ బస్సులో నిలబడి ఉన్నాను. ఆ రద్దీలో ఏడవడానికి కూడా చోటు లేదు.

పుట్టింట్లో, ఆ తర్వాత అత్తగారింట్లో నేను చూసిన గోడల రంగులన్నీ ఆయన చేతివే. మిషన్‌లో కలిపిన డబ్బా ముట్టేవారు కాదు. తెల్ల రంగులో నీలం, నలుపు చుక్కచుక్కగా వేసి కలిపి, గోడ మీద జానెడు చదరంగా రాసేవారు. దాన్ని పొద్దున, మధ్యాహ్నం, ట్యూబులైటు కింద చూస్తేగాని పని మొదలుపెట్టేవారు కాదు. "తడి రంగును నమ్మకు బేటా" అని నా తొందర చూసి నవ్వేవారు.

కొల్లూరులో మాకు ఇల్లొచ్చాక అమ్మాయి గదికి నీలిబూడిద అనుకున్నాం. బూడిద ఎక్కువున్నది ఒకటి, నీలం ఎక్కువున్నది ఒకటి, రెండూ పక్కపక్కన రాసి చూపమన్నాను. రాశారు. ఆరాక చూస్తే రెండూ ఒకటే. అమ్మాయిని అడిగితే అదే మాట. అప్పుడు గమనించాను, ఆయన కళ్లలో తెల్లటి పొర.

"ఎడమది జెర బూడిద కొడ్తది, సూడు" అని మురిసిపోతూ చూపించారు. ఆలోచించి ఫోన్ చేస్తానన్నాను.

నేను చేసిన పాపం అదే. ఆయన వారం వారం అడిగేవారు, ఇంకా తేల్చుకోలేదని నేను తప్పించుకునేదాన్ని. కంటి డాక్టరు దగ్గరికి పోదాం చాచా అని ఒక్క మాట అంటే ఏం పోయేది? నొప్పించకూడదనుకుని, ఆయన్ని ఊరికే కూర్చోబెట్టాను. దీన్ని మంచితనం అని ఎవరన్నా అంటే నేను ఒప్పుకోను.

నేను వాళ్లింటికి వెళ్లేసరికి మగవాళ్లు ఖబరస్తాన్ నుంచి తిరిగొచ్చేశారు. చాచీ నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. ఏడాదిగా ఎవరూ పనికి పిలవలేదని, నా ఫోన్ కోసమే ఎదురుచూసేవారని చెప్పింది. అప్పుడే అడిగింది.

"ఆ రెండిట్ల నీకు ఏది నచ్చింది బేటా?"

"ఎడమ దిక్కుది చాచీ."

"ఆయన గూడ గదే అన్నడు. ఆ పిల్ల గదే తీసుకుంటది సూడు అన్నడు."

ఆ తర్వాత ఆమె లేచి, నా పని కోసం, గట్టిపడకుండా ఆయన నీళ్లలో నానబెట్టి ఉంచిన బ్రష్షును తీసి, పిండి, పిట్టగోడ మీద ఎండకు పెట్టింది.