వంపు కలవని చోట

వేడెక్కిన ప్లాస్టిక్ వాసన తగిలితే నాకు సుభద్ర మేడమ్ గుర్తొస్తారు. మౌలాలిలో మేం కృత్రిమ కాళ్లు తయారుచేసే వర్క్‌షాపులో ఆ వాసన పొద్దున్నే మొదలవుతుంది. మేడమ్ యూనివర్సిటీలో మాకు గణితం చెప్పేవారు. కాకినాడ నుంచి వచ్చి తార్నాకలో స్థిరపడ్డ కుటుంబం. చిన్నప్పటి ప్రమాదంలో ఆవిడ ఎడమకాలు మోకాలి కింద పోయింది. ఆ సంగతి దాచేవారు కాదు, చెప్పుకునేవారూ కాదు.

నా పరిశోధన ఆవిడ దగ్గరే. విడివిడి వక్రరేఖలను అతికించి ఒకే నునుపైన ఆకారంగా మలచడం. అది కాగితం మీద ఉండిపోయే పనే అనుకున్నాను. ఒకరోజు ఆవిడ, కృత్రిమ కాలిలో మోకాలి కింద మిగిలిన భాగం ఇమిడే ప్లాస్టిక్ తొడుగును నా లెక్క ప్రకారం చేయించమన్నారు. నేను భయపడితే నవ్వి, తన కాలి కొలతలే ఇచ్చారు. రేఖల చివరలు కలిశాయి. కలిసిన చోట వాలు కూడా ఒకటే. తయారైన తొడుగును చేత్తో తడిమితే ఎక్కడా అతుకు తగల్లేదు.

దాన్ని వేసుకుని ఆవిడ రోజంతా నిలబడి పాఠాలు చెప్పారు. సాయంత్రం నన్ను గదికి పిలిచి, కాలు విప్పి చూపించారు. రెండు రేఖలు కలిసిన చోటే చర్మం కమిలి బొబ్బలెక్కింది. నాకు ఏడుపొచ్చింది.

"వాలు గూడ కలిసింది గద మేడమ్. ఇంక ఏం తప్పున్నది?"

"వాలు కలిసిందమ్మా, వంపు కలవలేదు. అటు దాదాపు చదునుగా వచ్చింది, ఇటు ఒక్కసారిగా వంపు తిరిగింది. చూస్తే తెలీదు. అడుగేస్తే బరువంతా అక్కడే పడుతోంది."

థీసిస్ గడువు దగ్గరపడింది. ఉన్నదున్నట్టు ఇచ్చినా డిగ్రీ వచ్చేది. మాణికేశ్వర్ నగర్‌లో అమ్మ నా ఉద్యోగం కోసం ఎదురుచూస్తోంది. మిమ్మల్ని ఇంకా బాధపెట్టలేనని, ఇక్కడితో ఆపేస్తానని అన్నాను. ఆవిడ కమిలిన చోటును వేలితో చూపించారు.

"ఇక్కడ నొప్పిగా ఉందని నేను చెప్పగలను. రేపు ఇది వేసుకునే చిన్నపిల్ల చెప్పలేకపోతే?"

వంపు కూడా రెండువైపులా సమానంగా ఉండాలని షరతు పెట్టి లెక్క మళ్లీ మొదలుపెట్టాను. గడువు పొడిగింపు కోసం, పుండు మానకముందే ఆవిడ ఆఫీసుల చుట్టూ తిరిగారు. వానలు తగ్గాక కొత్త తొడుగు వచ్చింది. ఆ సాయంత్రం ఆటో వద్దని, డిపార్టుమెంటు నుంచి తార్నాక దాకా నాతో నడిచారు. దారిపొడుగునా పక్కింటివాళ్ల పెళ్లి ముచ్చట్లే. నేను మాత్రం ఆవిడ అడుగులే చూస్తున్నాను. గేటు దగ్గర ఉండబట్టలేక, "ఎట్లున్నది మేడమ్?" అన్నాను.

"ఏది?" అన్నారు. ఆ తర్వాతే కాలివైపు చూసుకున్నారు.

ఇప్పుడు ఆవిడ లేరు. మా దగ్గరికి కాలు కోసం వచ్చినవాళ్లను, సరిపోయిందా అని నేను వెంటనే అడగను. వాళ్ల ఊరి సంగతులు అడుగుతూ పక్కనే నడుస్తాను. వాళ్లు కాలి ధ్యాస మరిచి కబుర్లలో పడేదాకా, నా పని పూర్తయిందనుకోను.