మోకాలి ఆముదం, పట్టుచీర మరక

నాకు అరవై దాటాయి. ధర్మవరంలో మగ్గం గుంటలో కూర్చుని నేసీ నేసీ మోకాళ్ళు అరిగాయి. మా ఆయన చెయ్యందిస్తే తప్ప గుంటలోంచి లేవలేను.

"ఆముదం రాసి జిల్లేడాకు కట్టుకో అక్కా, తగ్గిపోతాది" అంది పక్కింటి లక్ష్మి.

కట్టుకుని నేతకు కూర్చున్నానేగానీ మనసు నిలవదు. తగ్గిందా, తగ్గలేదా అని నిమిషానికోసారి మోకాలు తడుముకుంటూ, ఆ జిడ్డు చేతినే మగ్గం మీదున్న పెళ్ళిచీర మీద పెట్టేశాను. మరక!

ఒక్క ఉదుటున గుంటలోంచి లేచి, ఇంట్లోకి పరిగెత్తి, ముఖానికి రాసుకునే పౌడరు తెచ్చి అద్దాను. అదృష్టం, జిడ్డు లాగేసింది.

"ఏమే, నా చెయ్యి లేకుండా ఎట్ల లేస్తివి?" అని మా ఆయన నోరెళ్ళబెట్టాడు.

మర్నాడు మళ్ళీ ఆ చెయ్యే గతి. లక్ష్మి మాత్రం ఆముదం మహిమేనని వీధంతా చాటింది. అడగవచ్చినవాళ్ళకు ఒకటే చెబుతున్నాను:

"మోకాలికి రాస్తే చాలదమ్మా, పట్టుచీరకు గూడా రాయల్ల!"