కథ అక్షింతలు

నవల చేతికొస్తే నేను ముందు చివరి పేజీ చూస్తాను. దీనికి మా ఇంట్లో పెద్ద వెక్కిరింత. "అమ్మమ్మా, ఇది చీటింగ్ లా!" అంటుంది మనవరాలు, మా మలేషియా పిల్లల యాసలో. అననీ. నేను పండితురాలిని కాదు, విమర్శకురాలిని అంతకన్నా కాదు. దొరికింది చదువుతాను. బాగుంటే పొయ్యిమీద కూర మాడ్చేస్తాను, బాగోకపోతే రాసినవాణ్ణి నోరారా తిడతాను. చివర ఎవరో చస్తారని ముందే తెలిస్తే మాత్రం, గుండె నిబ్బరం చేసుకుని అప్పుడు మొదటి పేజీకొస్తాను. ఈ జాగ్రత్త నాకు చిన్నప్పుడే, మలయాలో తెల్లదొరలు పెట్టిన ఎమర్జెన్సీ రోజుల్లో, ముళ్ళకంచె లోపల ఉండగా అబ్బింది.

మాది పేరాక్ వైపు ఒక రబ్బరు తోట. మా నాన్న ఆ తోట ఆఫీసులో గుమాస్తా. అందరూ కిరాణీ బాబు అనేవారు. చెట్లకు పాలు గీసే కూలీల్లో చాలామంది శ్రీకాకుళం, విశాఖపట్నం వైపు నుంచి ఓడెక్కి వచ్చినవాళ్ళు, లేదా వాళ్ళ పిల్లలు. అడవిలో ఉన్న తిరుగుబాటుదార్లకు తిండి అందకూడదని సర్కారు వరసగా కట్టిన మా లైను ఇళ్ళన్నిటి చుట్టూ కంచె వేసి, ఒక్కటే గేటు పెట్టింది. పొద్దుగూకితే గేటు మూసేవారు. తెల్లవారి పనికెళ్ళే ప్రతి ఒక్కరినీ తడిమి చూసి పంపేవారు. బకెట్టు వెళ్ళొచ్చు, గీత కత్తి వెళ్ళొచ్చు, బియ్యపు గింజ మాత్రం గేటు దాటకూడదు. మధ్యాహ్నం తినడానికి ఇంత అన్నం కట్టుకెళ్ళినా నేరమే. ఆకలితో గీసి, ఆకలితో తిరిగొచ్చి తినేవారు పాపం.

నాన్న ఏడాదికోసారి సెలవు పెట్టి పెనాంగ్‌లోని జార్జ్ టౌన్ వెళ్ళేవాడు. అక్కడొక తెలుగాయన కొట్లో మద్రాసు ఓడలో వచ్చిన పుస్తకాలు దొరికేవి. ఆ ఏడు రెండు తెచ్చాడు. ఒకటి నవల. రెండోది మనిషిని బాగుచేసే రకం పుస్తకం. "ముందు ఇది చదువమ్మా, జీవితంలో పైకొస్తావు" అని ఆ రెండోది నా చేతిలో పెట్టాడు.

చదివాను. చదివి కొయ్యబారిపోయాను. సూర్యుడికంటే ముందు లేచి, ఆరుబయట ఒంటరిగా నడిచేవాడికి లోకం దాసోహమంటుందట. మా తోటలో ఆ వేళప్పుడు ఒంటరిగా నడిస్తే తూటా ఏ వైపునుంచి వస్తుందో దేవుడికే తెలియాలి. ఇంకోచోట, మనిషికి కంచెలన్నీ మనసులోనే ఉంటాయని రాశాడు ఆ మహానుభావుడు. తలెత్తి కిటికీలోంచి చూశాను. మా కంచె మనసులో లేదు, మా మునగచెట్టు పక్కన ఉంది. దానిమీద అమ్మ ఆరేసిన చీర చిరిగింది కూడా.

నాన్న ఊరుకోలేదు. చదువు రాని ఆడవాళ్ళు ఎంతమందో ఉన్నారు, వాళ్ళకు చదివి వినిపించమన్నాడు. సరేనని మధ్యాహ్నం పని ముగిశాక, వాళ్ళు వసారాలో కాళ్ళు చాపుకుని కూర్చున్నప్పుడు మొదలుపెట్టాను. బీదతనం సోమరితనానికి బిడ్డ అన్న చోటికి రాగానే ఒకామె చెయ్యెత్తి ఆపింది.

"ఓలమ్మ, ఆగే గుంటా. రాసినోడు ఏ పొద్దునైనా పాలు గీసినాడేటి? ఆడికి పెళ్ళాం వండి పెట్టినాదేటి?"

అందరూ పడీపడీ నవ్వారు. మా అమ్మ కూడా నవ్వింది. ఆ పుస్తకం అంతటితో సరి.

ఆపినామెను నేను అత్తా అనేదాన్ని. చుట్టరికం లేదు, గోడకు గోడ ఆనుకున్న ఇల్లు. అందరినీ నవ్వించేది గానీ ఆమె ఇంట్లో అప్పటికే నవ్వు లేదు. అత్త మొగుడు ఆకలికి ఆగలేని మనిషి. మధ్యాహ్నానికి తినొచ్చని కాస్త అన్నం ఎలాగో గేటు దాటించి, తాను గీసే చెట్ల మధ్య ఒక తొర్రలో దాచుకున్నాడు. అది పోలీసులకు దొరికింది. నా అన్నమే బాబూ అని మొత్తుకున్నా వినలేదు. అడవిలోవాళ్ళకు పెట్టావని పట్టుకుపోయి క్యాంపులో పెట్టారు. అలా పట్టుకుపోయినవాళ్ళలో కొందరిని ఓడెక్కించి ఇండియాకు పంపేస్తున్నారని తోటంతా చెప్పుకునేవారు. ఆయన తిరిగి ఇంటికొస్తాడో, ఓడెక్కుతాడో ఎవరికీ తెలియదు. అత్త లోకమంతా ఆ ఒక్క ప్రశ్న చుట్టూ తిరుగుతుండేది.

మర్నాడు నవల తీశాను. మొదటి అధ్యాయంలోనే మొగుడు దూరదేశం వెళ్ళిపోతాడు, పెళ్ళాం తులసికోట దగ్గర దీపం పెడుతుంది. అంతవరకు చదివానో లేదో, అత్త చటుక్కున లేచి ఇంట్లోకి వెళ్ళింది. గుప్పిట మూసుకుని తిరిగొచ్చి నా ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చుంది. గుప్పిట్లో పసుపు కలిపిన బియ్యపు గింజలు.

"అత్తా, ఇది నోము కథ కాదు! నవల! ఎవరో కూర్చుని కల్పించి రాసింది!" అన్నాను, బిత్తరపోయి.

"మొగుడెల్లిపోనాడు. పెళ్ళాం దీపమెట్టినాది. నోము కత కాపోతే మరేటే ఇది? సదువు."

మా ఆడవాళ్ళకు తెలిసిన కథలన్నీ అలాంటివే. అక్షింతలు పట్టుకుని కూర్చుంటారు, మధ్యమధ్య ఊ కొడతారు. కథలో ఆవిడ ఎన్ని కష్టాలు పడినా చివరికి గట్టెక్కుతుంది. అప్పుడు అక్షింతలు తలమీద వేసుకుంటే ఆవిడకు దక్కిన ఫలం వీళ్ళకూ దక్కుతుంది. ఏడుపుతో ముగిసే కథ కూడా ఉంటుందని వాళ్ళకు ఎవరు చెప్పారు కనుక? నాకే తెలియదు. అమ్మ నావైపు చూసి, ఊరుకో, చదువు అన్నట్టు కళ్ళతో సైగ చేసింది.

అలా రోజూ చదివాను. రోజూ అత్త ఆ గింజలే తెచ్చేది, చదవడం అయ్యాక మళ్ళీ దేవుడి పటం ముందు పెట్టేది. నవల్లో పెళ్ళాన్ని అత్తవారు అనుమానించారు, ఊరు ఆడిపోసుకుంది. మా వసారా అంతా శాపనార్థాలతో దద్దరిల్లేది. ఇంతమంది ఇంత ఉత్సాహంగా ఊ కొడుతుంటే నాకు తల తిరిగినంత గర్వం. ముందు పేజీలు తిప్పి చూద్దామన్న ఆలోచనే రాలేదు.

చివరి రోజు వచ్చింది. నవల్లో ఆ పిల్ల నిందలు భరించలేక గన్నేరుపప్పు నూరుకుని తాగింది. అయ్యో అనుకుంటూనే గబగబా చదివాను, ఎవరో వైద్యుడు వస్తాడులే అన్న ధీమాతో. వైద్యుడు రాలేదు. తెల్లవారేసరికి మొగుడు చేతిలో చీర మూటతో వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. లోపల శవం. ఆ కింద విధి గురించి ఒక వాక్యం, దాని కింద ఖాళీ కాగితం.

కాగితం తిప్పి చూశాను, వెనక ఏమైనా ఉందేమోనని. అట్ట తప్ప ఏమీ లేదు. ఒక మనిషి ఇంత దూరం మమ్మల్ని చెయ్యి పట్టుకుని నడిపించి బావిలోకి తోసేస్తాడా? అంత దిగ్భ్రాంతి నా జీవితంలో మరే పుస్తకమూ కలిగించలేదు. వసారాలో ఒక్కరూ ఊ కొట్టలేదు. ఒకామె చెవులు మూసుకుంది. నేను అత్త గుప్పిట వంక చూశాను. వేళ్ళు తెల్లగా పాలిపోయేలా బిగించి పట్టుకుంది.

ఆ గింజలు తలమీద వేసుకోలేదు. చావు కథ విన్న అక్షింతలు దేవుడి ముందూ పెట్టలేదు. పారెయ్యడానికి చెయ్యి రాలేదు. కొంగున ముడేసుకుని లేచి వెళ్ళిపోయింది.

తెల్లవారి గేటు దగ్గర కేకలు వినిపించి ఇంట్లోంచి పరుగెత్తాను. పనికెళ్ళే వరసలో అత్తను పక్కకు లాగి నిలబెట్టారు. ఆడవాళ్ళను తడిమే మలాయ్ ఆవిడ అత్త కొంగు ముడి విప్పి చూపిస్తోంది. కాన్‌స్టేబులు "బెరాస్! బెరాస్!" అని అరుస్తున్నాడు, అంటే బియ్యం. అన్నం దాచినందుకు క్యాంపులో ఉన్నవాడి పెళ్ళాం కొంగులో బియ్యం! గోరుచుట్టు మీద రోకటిపోటంటే అదే. అత్త కూడా పోతే ఆయన విడుదలైనా రావడానికి ఇల్లే ఉండదు.

ఖర్మకాలి ఆ పొద్దున తెల్లదొర, పోలీసు అధికారి, గేటు దగ్గరే ఉన్నాడు. నాన్న టోపీ చేత్తో పట్టుకుని ఇంగ్లీషులో చెప్పుకుంటున్నాడు. ఈమె నవల వింటోంది దొరా, అందుకని కొంగులో బియ్యం ఉంది. తాడిచెట్టు ఎందుకెక్కావురా అంటే దూడగడ్డి కోసమన్నాడట ఎవడో, అలా ఉంది. దొర ముఖం నవ్వాలో కొట్టాలో తెలియనట్టుంది. పుస్తకం తెమ్మన్నాడు. చదివినవాళ్ళను రమ్మన్నాడు.

చింపిరి జుట్టుతో పుస్తకం పట్టుకుని వెళ్ళి నిలబడ్డాను. దొర అటూ ఇటూ తిప్పి, ఆ గుండ్రటి అక్షరాలు అనుమానంగా చూశాడు. గింజలు దేనికని అడిగించాడు. కథ ముగిశాక తలమీద వేసుకోవడానికని నాన్న చెప్పాడు. "అయితే ముగించమను" అన్నాడట దొర. నాన్న నావైపు తిరిగి, తెలుగులో, పళ్ళ బిగువున అన్నాడు.

"బాగా ముగించమ్మా. నెత్తిన వేసుకుంటాది, గొడవ పోతాది."

పుస్తకం వెనక్కి తీసుకుని గొంతెత్తాను. ఆ పిల్ల నూరిన పప్పు పిల్లి తన్నేసి ఒలకబోసిందనీ, మొగుడు గుమ్మంలోకి వచ్చేసరికి ఆమె ముగ్గు వేస్తూ ఉందనీ చెప్పాను. పుస్తకం తలకిందులుగా పట్టుకున్నానని తర్వాత నాన్న చెప్పాడు. వరసలో ఉన్న ఆడవాళ్ళంతా బకెట్లు చేతబట్టుకుని, ఒక్క గొంతుతో ఊ కొట్టారు. అత్త మాత్రం కొట్టలేదు.

"అది నువ్వు కట్టినావు. రాసింది కాదు," అంది.

ప్రాణాలమీదికొస్తే ఈ పట్టుదలేమిటి? నాన్న నెత్తి పట్టుకున్నాడు. అత్త కాన్‌స్టేబులు దగ్గరికెళ్ళి గింజలు అడిగి తీసుకుంది, నా అరచేయి లాగి అందులో పోసింది.

"కంచె లోపలే ఉంటాయి గదా. దొరకి సెప్పు బాబూ. బియ్యం బైటికెల్లకూడదన్నాడు, ఎల్లవు."

నాన్న చెప్పాడు. చివరికి దొర పొమ్మని చెయ్యి ఊపాడు. పుస్తకం మాత్రం ఎవరిచేతనో చదివిస్తానని పట్టుకుపోయాడు. అది మళ్ళీ మాకు రాలేదు.

మధ్యాహ్నం అత్త పని నుంచి రాగానే నాకు కోపం ఆగలేదు. "నేను అంత బాగా ముగించాను కదా! నెత్తిన వేసుకుంటే నీ సొమ్మేం పోయేది? నిన్నూ పట్టుకుపోతే?"

అత్త కాళ్ళు కడుక్కుంటూ తాపీగా చెప్పింది. "నువ్వు సెప్పిన దాంట్లో పిల్లి తన్నకపోతే ఆ గుంట సచ్చిపోయేది. పిల్లిని నమ్ముకుంటామేటి? రాసినోడి కతలో మొగుడు ఒచ్చినాడా నేదా?"

"వచ్చాడు. కానీ..."

"ఒచ్చినాడు. మూట కూడా తెచ్చినాడు. ఆ గుంటే తొందరపడిపోనాది. నాను పడను. ఆ గింజలు నీ కాడ దాసి ఉంచు."

అమ్మ ఇచ్చిన చిన్న రేకు డబ్బాలో దాచాను. రాసినవాడిమీద నా కోపం మాత్రం చల్లారలేదు, ఈనాటికీ చల్లారలేదు. ఆ తర్వాత ఎన్నో పుస్తకాలు వచ్చాయి, ఆడవాళ్ళకు చదివాను కూడా. చివర చూసుకున్నాకే.

అత్త వెళ్ళి గీసేది, వచ్చి తినేది. ఫలానా క్యాంపునుంచి మళ్ళీ కొందరిని ఓడెక్కించారని కబురొచ్చిన రోజు ఇంట్లోకి వెళ్ళి తలుపేసుకునేది. తర్వాత బయటికొచ్చి డబ్బా ఉందా అని అడిగేది. ఉందనేదాన్ని. అంతే.

మెర్డెకా, అంటే స్వాతంత్ర్యం, వచ్చింది. కౌలాలంపూర్‌లో కొత్త జెండా ఎగరేస్తుంటే ఆఫీసు రేడియో దగ్గర తోటంతా గుమిగూడి విన్నాం. ఆ తర్వాత కొంత కాలానికి మా గేటు తీసేశారు, కంచె చుట్టలు చుట్టి లారీలో వేసుకుపోయారు. కంచె పీకేసిన జాగా ఇంకా బోసిగా ఉండగానే, ఒక మధ్యాహ్నం లైను ఇళ్ళ మధ్య ఒక ముసలివాడు నడిచొచ్చాడు. ఎవరో బిచ్చగాడనుకున్నాను. అత్త గుమ్మం ముందు ఆగేసరికి గుర్తుపట్టి, నిలువునా నీరైపోయాను. పట్టుకుపోయినప్పుడు నల్లటి జుట్టు మనిషి.

అత్త ఆయన్ను గుమ్మంలోనే ఆగమంది. గోడ అవతలినుంచి నన్ను కేకేసింది.

"గుంటా! డబ్బా తే!"

పరుగెత్తి తెచ్చి మూత తీశాను. ఒక్క గింజ లేదు. పురుగు తినేసి, అడుగున పసుపు పిండి మిగిలింది. అత్తకు ఎలా చెప్పను? ఆమె నా చేతిలోంచి డబ్బా లాక్కుని, పిండంతా అరచేతిలో దులుపుకుని, ఆయన తెల్లటి తలమీద పోసింది. మిగిలింది తన పాపిట రాసుకుంది. పిండి ముక్కులోకి పోయి ఆయన తుమ్మాడు.

"ఏటే ఇది?" అన్నాడు కళ్ళు నులుముకుంటూ.

"ఏటీ నేదు. కత అయిపోనాది. లోపలికి రా, అన్నం తిందువు."