ఓబుళమ్మ, బెర్ముడా

వానలు మొదలైతే పుప్పాలగూడలోని ఆ విల్లా ముందు ఓబుళమ్మ పొద్దున్నే కనిపిస్తుంది. కుచ్చెళ్లు పైకి దోపి, గొంతుక్కూర్చుని, కొడుకు దినేష్ వేయించిన లాన్‌లో చిన్న కొడవలితో కలుపు తీస్తుంటుంది. తుంగను ఊరికే లాగదు. లాగితే గడ్డ మట్టిలోనే ఉండి మళ్లీ మొలుస్తుందని లోతుగా తవ్వి, ఆ నల్లటి గడ్డను గిల్లి వాసన చూసి మరీ పారేస్తుంది. పేరు తెలియని మొక్క కనబడితే మాత్రం పువ్వు పూసేదాకా ఆగుతుంది. "ఎవురో ఏమో, మొగం సూడకుండా ఎట్ల తరిమేది?" అంటుంది.

మొన్న ఆదివారం తోటమాలి యాదయ్య వచ్చేసరికి కుళాయి పక్కన చాపంత మేర ఉత్త మట్టి తేలి ఉంది. ఆ పక్కనే గడ్డి కుప్ప.

"అమ్మా, జర ఆగుండ్రి! లాన్ పీకుతున్నరేంది?"

"లాన్ యాడ పీకినా నాయనా? కోత మిషను తగలని ఈ కుళాయి కాడ గరిక తీగలు సాగింటే తీసినా."

"గదే లాన్ అమ్మా. బెర్ముడా అంటే గరికనే."

ఓబుళమ్మ ఒక కణుపు తుంచి, వేళ్ల మధ్య తిప్పి తిప్పి చూసింది. కాపురానికొచ్చిన నాటి నుంచి వేరుశనగ చేనిలో ఆమె పోరాడింది దీంతోనే. దీన్ని కొడుకు లారీలో తెప్పించి పరిపించాడు, పూటపూటా నీళ్లు పెడుతున్నాడు.

కాసేపటికి కుప్పలోంచి తీగలు ఏరి, కణుపులు మట్టిలోకి ఒత్తి, పాదంతో అదిమింది. జన్మలో మొదటిసారి గరిక నాటుతోంది. వరండాలోకి వచ్చిన కొడుకుతో, తలెత్తకుండానే అంది: "దినేషా, ఊర్లో ఎవురికీ చెప్పొద్దురా. నగుతారు."