రెండోసారి అడగని టెలిస్కోపు

మా మాస్టారు ఒక్కసారి అడిగితే ఏదీ పుచ్చుకోరు. కాఫీ తెస్తే "ఇప్పుడెందుకండీ" అంటారు, బతిమాలితే "మీకు శ్రమ కదండీ" అంటారు, ఆ తరవాత గ్లాసు ఖాళీ చేసి ఇస్తారు. కొల్లేటి లంకలో పుట్టి ఏలూరులో స్థిరపడిన మనిషి. అడగ్గానే ఒప్పుకుంటే కక్కుర్తి అనుకుంటారని ఆయన భయం. మా తాడేపల్లిగూడెంలోనూ ఇదే మర్యాద కనక నేనెప్పుడూ తప్పు పట్టలేదు, ఆ ఈమెయిలు వచ్చేదాకా.

ఆయన నా పరిశోధనకు గైడు. నా పరిశోధన ఒక పిల్ల నక్షత్రం మీద. అది నక్షత్రాలు పుట్టే ధూళి మేఘంలో, చుట్టూ ఉన్న వాయువును తింటూ పెరుగుతోంది. ఈ వయసు నక్షత్రాలకు నిలకడ ఉండదు. ఏళ్ళ తరబడి నీరసంగా మినుకుమంటూ ఉండి, ఉన్నట్టుండి గబగబా మింగేసి భగ్గుమంటాయి. సరిగ్గా అప్పుడే ఎక్స్-రేలలో చూడాలి, ఆ తిండి లోపలికి ఎలా పడుతోందో తెలియాలంటే. ఎక్స్-రేలు మన గాలిని దాటి నేలకు రావు కాబట్టి ఉపగ్రహం మీదున్న టెలిస్కోపే గతి. దాని కోసం ప్రపంచమంతా క్యూలో ఉంటుంది.

ఒక వేసవిలో నా నక్షత్రం భగ్గుమందని కబురొచ్చింది. నేను పుట్టి బుద్ధెరిగాక అంత సంతోషం ఎరగను. అత్యవసరంగా చూడమని టెలిస్కోపు వాళ్ళకు అర్జీ పంపాం. పెద్దవారు కదా అని మాస్టారి పేరు మీదే పంపాను. జవాబు ఆయనకే వస్తుంది, నాకేమీ తెలియలేదు. ఉండబట్టలేక ఉల్లిపాయల మార్కెట్టు ముందు బస్సు కోసం నిలబడి ఉండగానే మాస్టారికి ఫోన్ చేశాను.

"వచ్చిందమ్మా. వెంటనే చూడగలం, కాకపోతే ఇంకొకరి పని వెనక్కి జరపాలి, కావాలా అని అడిగారు."

"మీరేమన్నారండీ?"

"మా కోసం ఎవరినీ ఇబ్బంది పెట్టకండి అన్నాను." నిజంగా నొచ్చుకుంటూ అన్నారు: "వాళ్ళు మళ్ళీ అడగలేదమ్మా."

బస్సు వదిలేసి అక్కడే ఫోన్‌లో టెలిస్కోపు వాళ్ళకు నేనే రాశాను, కావాలి, ఎప్పుడిచ్చినా సరే అని. ఆ సమయం వేరేవాళ్ళకు వెళ్ళిపోయిందని, మళ్ళీ వచ్చే వారమే కుదురుతుందని జవాబొచ్చింది. వారమంటే మాటలా? ఈలోగా నక్షత్రం తినడం ఆపేస్తే ఇంత ఎదురుచూపూ గంగలో కలిసినట్టే.

ఆ వారమంతా మాస్టారు పొద్దునా సాయంత్రం ఫోన్ చేసి "ఎలా ఉందమ్మా?" అని అడిగేవారు. "కొంచెం తగ్గిందండీ" అనేదాన్ని దిగులుగా, నేల మీది టెలిస్కోపులు కొలిచిన వెలుగు చూసి. వింటున్న మా అమ్మ, వాళ్ళింట్లో ఎవరికో బాగాలేదనుకుని కొబ్బరిబొండాలు కొని ఉంచింది. ఆ మధ్యలోనే ముదినేపల్లిలో మాస్టారి బంధువుల పెళ్ళికి నన్నూ పిలిచారు. పంక్తిలో పూర్ణాలు వస్తే మాస్టారు అడగ్గానే "వెయ్యండి" అన్నారు. వడ్డించేవాడికి ఆ మాట అలవాటు లేదు. అడిగి, ఆయన వద్దంటారన్న ధీమాతో రెండు విస్తళ్ళు దాటిపోయి, మళ్ళీ వెనక్కి వచ్చాడు. ఇంకో రోజైతే నవ్వేదాన్ని. ఆ రోజు మాత్రం, ఈ మాటేదో ముందే అనొచ్చు కదా అని ఒళ్ళు మండింది.

చివరికి టెలిస్కోపు చూసింది. ఏలూరులో మాస్టారింట్లో కంప్యూటర్ ముందు కూర్చుని ఆ లెక్కలు తెరిచాం. నక్షత్రం వెలుగు చూపే గీత మొదటినుంచీ దిగుతూనే ఉంది. భోజనాలయ్యాక ఆకులెత్తే వేళకు పెళ్ళికి వెళ్ళినట్టయింది మా పని. మళ్ళీ ఎప్పుడు భగ్గుమంటుందో, అప్పటికి నేనుంటానో లేదో. ఏడుపు ఆగలేదు.

మాస్టారు కంప్యూటర్ కట్టేసి నా వైపు తిరిగారు.

"నన్ను తిట్టమ్మా" అన్నారు.

"అబ్బే, ఎందుకులెండి మాస్టారూ" అన్నాను, కళ్ళు తుడుచుకుంటూ.

ఆయన టెలిస్కోపు కాదు కదా. కుర్చీ నా పక్కకు జరుపుకుని మళ్ళీ అడిగారు.

"మొహమాటపడకమ్మా. తిట్టు."

నోరారా తిట్టాను.